ఫోను తర్జుమా చేసిన కోర్టు ఉత్తర్వును నమ్మి నష్టపోతే ఎవరు బాధ్యులు?

పరకాల పత్తిచేను

అందరికీ నమస్కారం. మాకు పరకాల దగ్గర రెండెకరాల ఇరవై గుంటల చెలక ఉంది. పట్టా నాన్న పేరు మీదనే ఉన్నా, మా దాయాదులు దావా వేసి, మేము ఆ భూమిలో అడుగు పెట్టరాదని దసరాకు ముందు మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నారు. విత్తనం వేసింది మేమే, కలుపు తీసింది మేమే, ఎరువు వేసింది మేమే. అయినా ఉత్తర్వు ఉత్తర్వే కాబట్టి నాన్న చేను గట్టు మీదికి కూడా పోలేదు. దీపావళి తర్వాత ఇరుపక్షాల వాదనలు విని కోర్టు ఆ ఉత్తర్వును ఎత్తివేసింది. అంటే మేము గెలిచాము. కానీ ఆ సంగతి మాకు పన్నెండు రోజుల తర్వాత తెలిసింది.

ఆ రోజు మా వకీలు గారు వేరే ఊరి కోర్టులో ఉండి, గుమాస్తా చేత ఉత్తర్వు కాగితాల ఫొటోలు పంపించారు. నేను హైదరాబాదులో రాత్రి డ్యూటీలో ఉన్నాను. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేవారు లేక మా చిన్నాన్న కొడుకు ఆ ఫొటోలను ఫోనులో తెలుగులోకి మార్చి నాన్నకు చదివి వినిపించాడు. చివరి వాక్యం ఫోనులో ఇలా వచ్చింది: “పిటిషన్ షెడ్యూల్ ఆస్తికి సంబంధించి మంజూరు చేయబడిన మధ్యంతర ఆజ్ఞ ఖాళీ చేయబడి నిలుస్తుంది.” నాన్న చెవికి ఇందులో మూడు మాటలే అందాయి: ఆస్తి, ఆజ్ఞ, ఖాళీ. భూమి ఖాళీ చేయమని జడ్జిగారు ఆజ్ఞాపించారని అనుకొని ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. పక్క చేనుల్లో కూలీలు పత్తి ఏరుతుంటే మా చేనులో పత్తి చెట్టు మీదనే ఉండిపోయింది. మధ్యలో పడ్డ వానకు తడిసి రంగు మారింది.

నా ప్రశ్న ఇది. ఉత్తర్వు తెలుగులో ఇవ్వడానికి కోర్టుకు వీలు లేకపోతే, యంత్రం చేసిన తర్జుమానైనా కోర్టే ఇవ్వకూడదా? ఇస్తే, అందులో తప్పు వస్తే ఎవరు బాధ్యత తీసుకోవాలి?

హనుమకొండ వకీలు

మీ నాన్నగారి బాధ నాకు అర్థమైంది. ఇరవై రెండేండ్లుగా వకాలత్ చేస్తున్నాను. ఉత్తర్వు కాగితం పంపి ఊరుకోకుండా, ఆ రోజే ఒక్క ఫోను చేసి “మనం గెలిచాం, పొయ్యి పత్తి ఏరుకోండి” అని చెప్పవలసిన పని మా వృత్తిది. దాన్ని నేను సమర్థించను.

కానీ యంత్రం చేసిన తర్జుమాను కోర్టు తన చేత్తో ఇవ్వాలన్న మాటకు నేను పూర్తిగా వ్యతిరేకిని. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహార భాష ఇంగ్లీషు. మేము కింది కోర్టులో వాదించేటప్పుడు ఉదహరించే తీర్పులన్నీ అక్కడి నుంచే వస్తాయి. ఒక్కొక్క ఇంగ్లీషు న్యాయపదం వెనుక నూరేండ్ల తీర్పులు నిలబడి ఉన్నాయి. దాని స్థానంలో మరొక మాట పెట్టగానే ఆ నూరేండ్ల అర్థం దానితోపాటు రాదు. ఒక మాట జారితే భూమి జారిపోతుంది. కింది కోర్టు డిక్రీ మీద జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకోవడానికి ఉన్న గడువు 30 రోజులే. తర్జుమాలో “దావా నెగ్గింది” అని చదివి ఇంట్లో కూర్చున్నవాడికి అసలు దావా ఓడిందని 40వ రోజున తెలిస్తే, ఆలస్యాన్ని మన్నించమని మళ్ళీ ఒక దరఖాస్తు పెట్టుకోవాలి. అది మన్నించడమూ మన్నించకపోవడమూ కోర్టు విచక్షణ.

జగిత్యాల టీచరు

వకీలు గారూ, మీ మాటల్లో నాకు అభ్యంతరమైనది ఒకటి ఉంది. ఇంగ్లీషు కచ్చితమైనదని మీరు అంటున్నారు. ఎవరికి కచ్చితమైనది? పరకాల రైతుకు అది కచ్చితమైనది కాదు, మూసిన తలుపు. సాక్షి బోనులో తెలుగులో మాట్లాడతాడు, జడ్జిగారు తెలుగులో వింటారు, మీరు తెలుగులో ప్రశ్నిస్తారు, తీరా కాగితం మీదికి ఎక్కేది ఇంగ్లీషు. ఆ క్షణంలో జరుగుతున్నది కూడా తర్జుమానే కదా. అది ఎంత సరిగ్గా జరిగిందో సాక్షికి చదివి వినిపించి సరిచూసుకున్న సందర్భాలు ఎన్ని ఉంటాయో మీరే చెప్పండి. మనిషి హడావిడిగా చేసే తర్జుమాను రోజూ ఒప్పుకుంటున్నప్పుడు, యంత్రం పేరు వినగానే ఉలికిపడటం న్యాయంగా లేదు.

సుప్రీంకోర్టు 2019 నవంబరులోనే ‘సువాస్’ అనే అనువాద సాఫ్ట్‌వేరును తెచ్చింది. మన తెలంగాణ హైకోర్టు ధర్మాసనం 2023లో ఒక భూమి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది. పైన ఆకాశం విరిగి పడలేదు. అరకొర తర్జుమా అయినా చేతిలో ఉంటే మనిషి కనీసం ఒక ప్రశ్న వేయగలుగుతాడు. ఏమీ లేనివాడు ఏమని అడుగుతాడు?

పాత తర్జుమాదారు

నేను ముప్పై ఏండ్లు కోర్టులలో తర్జుమా పని చేసి విరమించినవాణ్ణి. టీచరు గారు “అరకొర తర్జుమా అయినా” అన్న చోట ఆగిపోయాను. ఇక్కడ కొంచెం విస్తరించి రాస్తాను, ఓపికతో చదవండి.

యంత్రం చేసే తప్పులు రెండు రకాలు. మొదటి రకం చూడగానే పట్టుబడుతుంది. “లీవ్ గ్రాంటెడ్” అంటే అప్పీలుకు అనుమతి ఇచ్చామని అర్థం. దాన్ని యంత్రం హిందీలో “సెలవు మంజూరైంది” అని రాసిందని సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న కాలంలో జస్టిస్ గవాయ్ స్వయంగా సభలో చెప్పారు. “నాట్ ప్రెస్డ్” అన్నదానికి “దావా నొక్కనందున కొట్టివేయడమైనది” అని వస్తే ఎవరైనా ఇదేదో తేడాగా ఉందని అనుమానిస్తారు. వాది పట్టుబట్టకుండా వదులుకున్నాడని దాని భావం. ఇలాంటి తప్పుతో ప్రమాదం తక్కువ.

రెండో రకం అలా కాదు. తెలుగు సాఫీగా ఉంటుంది, అర్థం తలకిందులై ఉంటుంది. “వితౌట్ ప్రెజుడిస్” అన్న మాటను యంత్రం “పక్షపాతం లేకుండా” అని రాస్తుంది. చదివేవాడికి ఎక్కడా అనుమానం రాదు, జడ్జిగారు నిష్పక్షపాతంగా ఉన్నారని సంతోషిస్తాడు. అసలు అర్థం “మీ హక్కులకు భంగం లేకుండా” అని. అంటే ఇంకొక దావా వేసుకునే దారి తెరిచే ఉందని ఆ మాట చెబుతోంది. క్రయదస్తావేజులో “కన్సిడరేషన్” అంటే ప్రతిఫలం, ముట్టిన సొమ్ము. దాన్ని “పరిశీలన” అని రాస్తే నాలుగు లక్షల రూపాయలు మాయమైపోతాయి. మైనరు తరఫున దావా నడిపే “నెక్స్ట్ ఫ్రెండ్” ఎవరో పక్కింటి స్నేహితుడుగా మారిపోతాడు. రెవెన్యూ “మ్యుటేషన్” జీవశాస్త్రంలోని ఉత్పరివర్తనం అవుతుంది. మన ఊళ్ళలో దాన్ని పట్టా మార్పిడి అంటారు, చనిపోయినవారి పేరు నుంచి వారసుల పేరు మీదికి మారితే విరాసత్ అంటారు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది “కబ్జా” అన్న మాట. దీన్ని దగ్గరగా చూడండి. పాత పహాణీలలో, అంటే ఊరి భూముల లెక్క పుస్తకాలలో, పట్టాదారు పేరు ఒక గడిలో (కాలమ్‌లో), భూమిని అనుభవిస్తున్నవాడి పేరు ఇంకొక గడిలో ఉండేవి. రెండోదాన్ని జనం కబ్జా కాలమ్ అని, కాస్తు (సాగు) కాలమ్ అని పిలిచేవారు. సాదా బైనామా మీద, అంటే తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకపు పత్రంలో, “నేటి నుండి సదరు భూమి కబ్జా మీకు అప్పగించినాను” అని రాసేవారు. అక్కడ కబ్జా అంటే న్యాయంగా చేతికి వచ్చిన స్వాధీనం. ఈ రోజు పత్రిక తెరిస్తే చెరువు కబ్జా, శిఖం (చెరువు లోపలి భూమి) కబ్జా, సర్కారు భూమి కబ్జా. ఇక్కడ ఆ మాటకు ఆక్రమణ అని అర్థం. యంత్రం నేర్చుకున్న తెలుగంతా నేటి పత్రికల తెలుగు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో తాత పేరు కబ్జాదారుగా ఉన్నదని మురిసిపోతూ మనవడు ఆ కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్పిస్తే, యంత్రం తాతను ఆక్రమణదారుగా రాసి ఇస్తుంది. హక్కుకు రుజువుగా తెచ్చిన కాగితమే నేరానికి రుజువుగా మారుతుంది.

నేను చేసిన ప్రతి తర్జుమా కింద నా దస్తఖత్ ఉండేది. తప్పు దొర్లితే నన్ను పిలిచి అడిగేవారు. రెండుసార్లు పిలిచారు కూడా. ఒకసారి తప్పు నాదే, ఒప్పుకొని సరిచేశాను. యంత్రాన్ని వద్దనడం లేదు. అది రాసిన కాగితం కింద చదివి సరిచూసిన మనిషి దస్తఖత్ ఉండాలని మాత్రమే అంటున్నాను.

కాజీపేట కోడరు

తర్జుమాదారు గారి పోస్టును మా ఆఫీసులో నలుగురికి చదివి వినిపించాను. నేను భాషా సాఫ్ట్‌వేరు పనిలో ఉన్నందువల్ల ఈ తప్పులు ఎందుకు వస్తాయో చెప్పగలను.

యంత్రానికి చట్టం తెలియదు. ఒక భాషలోని వాక్యమూ దానికి సరిపోయే రెండో భాషలోని వాక్యమూ పక్కపక్కన పెట్టిన జంటలను లక్షల సంఖ్యలో చూసి, ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో అది అంచనా వేస్తుంది. తెలుగులో అలాంటి జంటలు ఎక్కువగా వార్తల నుంచి, ప్రభుత్వ ప్రకటనల నుంచి, మత గ్రంథాల నుంచి దొరుకుతాయి. కోర్టు ఉత్తర్వుల జంటలు అతి తక్కువ. మన ప్రాంతపు రెవెన్యూ కాగితాలైతే చేతిరాతలో, స్కానుల్లో ఉండి యంత్రానికి అందనే అందవు. పరకాల మిత్రుడి ఉత్తర్వులో ఉన్న “వెకేట్” అనే ఇంగ్లీషు మాటను అది ఇండ్లు, గదులు ఖాళీ చేసే సందర్భాల్లో వేలసార్లు చూసి, ఉత్తర్వు ఎత్తివేసే సందర్భంలో చూడకపోతే, ఖాళీ అనే రాస్తుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఇంగ్లీషులో “కాదు” అన్న మాట వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది, తెలుగులో అది క్రియతో కలిసి చివరికి చేరుతుంది. పదిహేను పంక్తుల ఉత్తర్వు వాక్యంలో ఆ “కాదు” దారిలో జారిపోతే “చేయరాదు” కాస్తా “చేయవచ్చు” అవుతుంది.

దీనికి మందు ఉంది. ఒక పదకోశాన్ని ముందే స్థిరపరచి, ఫలానా ఇంగ్లీషు పదానికి ఫలానా తెలుగు మాటనే వాడాలని యంత్రానికి గట్టిగా చెప్పవచ్చు. ఉత్తర్వులో తీర్పు భాగాన్ని, అంటే “కొట్టివేశాము, అనుమతించాము, ఎత్తివేశాము” అని ఉండే చివరి నాలుగు పంక్తులను, యంత్రానికి వదలకుండా మనిషి చేత రాయించవచ్చు. పరకాల మిత్రుడి ఇంట్లో జరిగిన నష్టమంతా ఆ నాలుగు పంక్తులలోనే ఉంది.

ఇంకొక మాట. కోర్టు కాగితాలను ఊరూ పేరూ లేని ఆప్‌లలోకి ఎక్కించకండి. వాటిలో మీ సర్వే నంబరు, ఇంటి ఆడవాళ్ళ పేర్లు, పిల్లల వయసులు ఉంటాయి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. కానీ ఒకసారి చేయి దాటిన కాగితం ఎక్కడ నిలువ ఉంటుందో మీరు వెంబడించలేరు.

సుబేదారి విద్యార్థిని

నేను న్యాయశాస్త్రం చదువుతున్నాను. మూడు విషయాలు కలిసిపోతున్నాయి, విడదీసి చెబుతాను.

హైకోర్టు భాష వేరు, కింది కోర్టు భాష వేరు. హైకోర్టు విషయంలో 348వ అధికరణం రెండో క్లాజు కింద రాష్ట్రపతి ముందస్తు అనుమతితో గవర్నరు వ్యవహారాలకు రాష్ట్ర భాషను అనుమతించవచ్చు. తీర్పులకు 1963 నాటి అధికార భాషల చట్టం 7వ సెక్షను దారి చూపింది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్ ఆ దారిన హిందీని తెచ్చుకున్నాయి. తమిళనాడు, గుజరాత్, ఛత్తీస్‌గఢ్, పశ్చిమ బెంగాల్, కర్ణాటక అడిగితే 2012లో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల పూర్తి సమావేశం అంగీకరించలేదు. ఒకే దేశంలో హిందీకి తెరుచుకున్న తలుపు తమిళానికీ కన్నడానికీ తెరుచుకోకపోవడం నాకు మింగుడుపడదు.

మన మిత్రుడి ఉత్తర్వు కింది కోర్టుది. అక్కడ సివిల్ ప్రొసీజర్ కోడ్ 137వ సెక్షను వర్తిస్తుంది. కింది కోర్టు భాష ఏదో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. సాక్ష్యం నమోదు తప్ప మిగిలిన రాతకోతలు ఇంగ్లీషులో ఉండవచ్చు. అయితే కక్షిదారుకు గాని అతని వకీలుకు గాని ఇంగ్లీషు రాకపోతే, అతను కోరితే, కోర్టు భాషలోకి తర్జుమా చేసి ఇవ్వవలసిందేనని మూడో ఉపసెక్షను చెబుతోంది. ఖర్చు ఎవరు భరించాలో కోర్టు నిర్ణయిస్తుంది. క్రిమినల్ కేసుల్లో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 404వ సెక్షను ప్రకారం ముద్దాయి కోరితే, వీలైనంతవరకు అతని సొంత భాషలో, లేదా కోర్టు భాషలో తీర్పు తర్జుమా ఇవ్వాలి. ఇవి దయతో ఇచ్చేవి కావు, అడిగి తీసుకోవలసినవి.

మూడోది ప్రామాణికత. సుప్రీంకోర్టు తీర్పుల తెలుగు ప్రతుల మీద, ఇది కక్షిదారుకు అర్థం కావడానికి మాత్రమేనని, అన్ని పనులకూ ఇంగ్లీషు ప్రతే ప్రామాణికమని రాసి ఉంటుంది. కానీ కేంద్ర చట్టాల విషయంలో 1973లోనే ఒక చట్టం వచ్చింది. రాష్ట్రపతి అధికారంతో ప్రకటించిన ప్రాంతీయ భాషా అనువాదం ప్రామాణిక పాఠంగా చెల్లుతుంది. చట్టానికే తెలుగులో ప్రామాణికత ఇవ్వగలిగినప్పుడు, రెండెకరాల మీద ఇచ్చిన ఉత్తర్వుకు ఇవ్వలేమనడం ఏ విధంగా నిలుస్తుంది?

హనుమకొండ వకీలు

చెల్లెమ్మా, 137వ సెక్షను మూడో ఉపసెక్షనును నేను ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా వాడలేదు. నా కక్షిదారులలో సగం మందికి ఇంగ్లీషు రాదు. నువ్వు రాసింది చదివాక పుస్తకం తీసి మళ్ళీ చూశాను. నీ మాట నిజమే. ఆ తప్పు నాది.

ప్రామాణికత విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. చట్టాన్ని తర్జుమా చేసేటప్పుడు నెలల తరబడి కూర్చొని ఒక్కొక్క మాటను తూచే వ్యవధి ఉంటుంది. రోజుకు పదుల ఉత్తర్వులు వెలువడే కోర్టులో ఆ వ్యవధి లేదు. రెండు ప్రతులకూ సమాన విలువ ఇస్తే, ఓడినవాడు వాటి మధ్య తేడానే పట్టుకొని కొత్త దావా వేస్తాడు. ప్రామాణికం ఒక్కటే ఉండాలి. అర్థమయ్యే ప్రతి పక్కన ఉండాలి. దాని కింద పేరూ దస్తఖతూ ఉండాలన్న తర్జుమాదారు గారి మాటను ఒప్పుకుంటున్నాను.

జగిత్యాల టీచరు

దస్తఖత్ విషయంలో నేనూ కలుస్తాను. “రెండో రకం తప్పు” గురించి చదివాక “అరకొర తర్జుమా అయినా” అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే పదకోశం ఎవరి తెలుగులో ఉండాలి? కబ్జా అనే మాట చెడిపోయింది కాబట్టి “స్వాధీనానుభవం” అని పెడితే గొడవ తీరుతుంది కదా.

పాత తర్జుమాదారు

తీరదు. స్వాధీనానుభవం అంటే మా ఊరి రైతు మళ్ళీ ఇంకొకరిని అర్థం అడగాలి. నిజాం కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ముందే, 1917లో, హైదరాబాదులో అనువాద శాఖ పెట్టారు. ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చే ముందు మాటలను స్థిరపరచడానికి పండితులు కూర్చునేవారు. పని పద్ధతిగానే చేశారు. కానీ ఉర్దూ రాని తెలుగు రైతుకు ఆ కోర్టు కూడా ఈ కోర్టులాగే పరాయిది. 1921లో హైదరాబాదు సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకట రామారావు గారు న్యాయవాదే. ఆయనను గేలి చేసిన ఆ రాత్రే తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర జన సంఘానికి బీజం పడింది. పండితులు కుదిర్చిన మాట ప్రజల నోట పలకకపోతే అది ఇంకొక పరాయి భాషే.

పహాణీ, విరాసత్, కాస్తు, బైనామా, ఫైసలా. ఇవి ఎక్కడి నుంచి వచ్చినా వందేండ్లుగా మన రైతుల నోట నాని తెలుగైపోయాయి. “కబ్జా” తో చిక్కు ఉన్న చోట “భూమి ఎవరి చేతిలో ఉంది, ఎవరు దున్నుకుంటున్నారు” అని విడమరచి రాయండి. ధరణి అనే భూరికార్డుల పోర్టల్‌లో కాస్తు కాలమ్ తీసివేసినప్పుడు ఊళ్ళలో ఎంత ఆందోళన కలిగిందో చూశాం. ఒక మాట పోతే ఒక హక్కు పోయినట్టే జనం భయపడ్డారు.

ఉట్నూరు సాథీ

మీరందరూ తెలుగు గురించి మాట్లాడుతున్నారు. మా గూడేల్లో అమ్మమ్మలకు తెలుగు కూడా రెండో భాషే. గోండి మాట్లాడే మనిషి బోనులో నిలబడితే, ఆ మాటలను మొదట ఎవరో తెలుగులో చెబుతారు, తర్వాత అవి ఇంగ్లీషులో ఎక్కుతాయి. రెండు గడపలు దాటిన మాటలో ఎంత మిగులుతుందో ఆలోచించండి. రాజ్యాంగం గుర్తించిన భాషల పట్టిక అయిన ఎనిమిదో షెడ్యూలులో గోండి లేదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన లిపికి 2018లో యూనికోడులో చోటు దక్కింది. అక్షరాలకు కంప్యూటరులో చోటు దొరికింది, మనిషికి కోర్టులో దొరకలేదు. కోడరు గారు చెప్పిన జంట వాక్యాలు మా భాషలో వేలల్లో కూడా లేవు. మాకు ఇప్పుడు కావలసింది యంత్రం కాదు, గోండి వచ్చిన దుబాసీ ఒకరు కోర్టు జీతం మీద ఉండటం. “వీలైనంతవరకు సొంత భాషలో” అని చట్టంలోనే ఉందని సుబేదారి చెల్లె రాసింది. ఆ వీలు ఎవరు కల్పించాలో కూడా ఎవరైనా రాయండి.

కాజీపేట కోడరు

సాథీ గారూ, మీరు చెప్పింది నిజం. జంటలు లేని భాషలో యంత్రం చదువరిని మోసం చేస్తుంది. అక్కడ మనిషే కావాలి.

తర్జుమాదారు గారూ, మీరు ఒప్పుకుంటే ఆదివారం మీ దగ్గరికి వస్తాను. ఉత్తర్వుల చివరి పంక్తుల్లో మాటిమాటికీ వచ్చే ఇంగ్లీషు పదబంధాలు వంద దాటవని నా అంచనా. మీరు ఒక్కొక్కదానికి మన ప్రాంతపు తెలుగు చెప్పండి, నేను రాసుకుంటాను. వకీలు గారు సరిచూస్తే ఇక్కడే అందరికీ పెడదాం.

పాత తర్జుమాదారు

రండి. కండ్లద్దాల నంబరు పెరిగింది, పెద్ద అక్షరాలతో అచ్చు వేసుకొని రండి. మొదటి పదం “వెకేటెడ్” పెట్టుకోండి. పరకాల మిత్రుడి ఉత్తర్వులోని చివరి వాక్యాన్ని నేనైతే ఇలా రాసేవాణ్ణి: “ప్రతివాది సదరు భూమిలోకి పోరాదని ఈ కోర్టు ఇంతకు ముందు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వును ఈ రోజు రద్దు చేయడమైనది. ఇకమీదట ఆ ఉత్తర్వు ప్రతివాదికి అడ్డు కాదు.” రెండో వాక్యం ఇంగ్లీషులో లేదు. అయినా మొదటి వాక్యంలోనే ఆ అర్థం ఉంది కాబట్టి, దాన్ని విప్పి చెప్పడం తర్జుమాదారు పనే అని నా నమ్మకం. వకీలు గారు దీనికి అభ్యంతరం చెప్పవచ్చు.

హనుమకొండ వకీలు

అభ్యంతరం ఉంది. రెండో వాక్యాన్ని ప్రతిలో కాకుండా కింద వివరణగా వేరుగా రాయాలి. ఆదివారం నేనూ వస్తాను, కూర్చొని తేల్చుకుందాం.

పరకాల పత్తిచేను

నిన్న సెలవు పెట్టి ఊరికి వచ్చాను. తర్జుమాదారు గారు రాసిన రెండు వాక్యాలను నాన్నకు చదివి వినిపించాను. రెండో వాక్యం దగ్గర “ఇంకొకసారి చదువు” అన్నారు, చదివాను. “గింతే రాసి ఉంటే నేను ఆ రోజే పోదును” అన్నారు. వకీలు గారు వివరణగా వేరుగా పెట్టమన్న వాక్యమే నాన్నకు అందింది. ఆదివారం మీరు కూర్చున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మా వకీలు గారితో మాట్లాడి, 137వ సెక్షను కింద ఆ ఉత్తర్వుకు తెలుగు తర్జుమా కోరుతూ మెమో సిద్ధం చేయించాను. ఖర్చు మేమే పెట్టుకుంటామని అందులో రాశాము. ఎల్లుండి వాయిదాకు నాన్నతో కలిసి నేనే పోతున్నాను. రెండో తీతకు పత్తి బాగానే పగిలింది. రంగు మారినదాన్ని వేరుగా మూటలు కట్టి పెట్టాము, మంచి పత్తిలో కలపలేదు. కోర్టు ఏమన్నదో వచ్చి ఇక్కడే రాస్తాను.